సమ్మయ్య ఆపిన బంతి

శనివారం, ఖమ్మం

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర కొత్త పిల్లలకు చెప్పమని పాత కెప్టెన్‌గా నన్ను ఈ రోజు పిలిచారు. ఎప్పటిలాగే ఫైనల్ కథే ఎత్తుకున్నాను. మా గోల్‌కీపర్ సమ్మయ్య కాళ్ల మధ్య నుంచి బంతి ఎలా దూరిపోయిందో వేదిక మీద కాళ్లు ఎడంగా పెట్టి మరీ చేసి చూపించాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఏళ్ల తరబడి ఇదే కథ, ఇదే నవ్వు.

కిందికి దిగగానే జెర్సీ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది.

"సార్, నేను సమ్మయ్య బిడ్డను. ఇల్లందు మాది. నేను గూడ కీపరే."

మీ నాన్న రాలేదా అని అడిగాను.

"నాయినకు బొగ్గుబాయిల డ్యూటీ పడి రాలేకపోయిండు. ఆయన ఆపిన బంతి ఒక్కటన్న చెప్పుండ్రి సార్, ఇంటికి పోయి చెప్త."

"మస్తు ఆపిండమ్మా," అన్నాను.

"ఒక్కటి చాలు సార్."

ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఫోన్ వచ్చినట్టు నటించి పక్కకు జరిగాను. సిగ్గులేని పని.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. సెమీఫైనల్లో చివరి పెనాల్టీ. బంతి ముఖానికి తగిలి పెదవి చిట్లినా సమ్మయ్య గోల్ కానివ్వలేదు. అది ఆపకపోతే మాకు ఫైనలే లేదు. ఆ రోజు వాణ్ణి భుజాల మీద మోసింది నేనే. అయినా ఎలా మర్చిపోయాను? ఆ ముచ్చటకు ఎవరూ నవ్వరని చెప్పడం మానేశాను, అంతేనేమో.

అమ్మాయి నంబరైనా తీసుకోలేదు. ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది. సమ్మయ్య అడిగే ఉంటాడు, "మా కెప్టెన్ నా గురించి ఏమన్నడు బిడ్డా?" అని.