పొద్దు వాలితే కనబడే పడవలు

నవంబర్ 8, శుక్రవారం

జసాసియా వెళ్ళొచ్చాం. ఈ గల్ఫ్ దేశానికి వచ్చినప్పటినుంచీ అనుకుంటున్నది. క్లాసులో ఫోటోలు చూపించి పాఠం చెప్పడమే తప్ప ఆ రాతి చెక్కడాలు కళ్ళారా చూసింది లేదు. బావ డ్రైవింగ్, నేను పక్కన. వెనక మా పాప సహస్ర, పక్క పోర్షన్ షాహీన్.

బయల్దేరడమే ఆలస్యం. షాహీన్ చేసిన బగారా అన్నం, తిన్నాక బావ కునుకు... దానికితోడు నేనే అన్నాను, "ఎండల ఏం కనబడవు. పొద్దు వాలితేనే గీతలల్ల నీడ పడ్తదట" అని.

బావ ముఖం చిట్లించాడు. "పొద్దుండంగనే తిరిగొద్దాం. చీకటి చేయకు."

అప్పుడు పట్టించుకోలేదు.

హైవే దిగాక మట్టిదారి. కంచె. చుట్టూ ఏమీ లేదు, దూరంగా తెల్లటి గీతలా సముద్రం. గుట్ట అంటే గుట్ట కాదు, నేల కాస్త వీపు పైకెత్తినట్టు సున్నపురాయి. మొదట ఉత్త రాయే. పొద్దు ఇంకో జానెడు దిగింది — అంతే, కాళ్ళ దగ్గర పడవలు!

"అమ్మా, జెర్రి!" అని సహస్ర ఎగిరి పక్కకి దూకింది.

"జెర్రి కాదే, పడవ. అవి కాళ్ళు కాదు, తెడ్లు."

షాహీన్ అయితే చతికిలబడి కూర్చుంది. "హౌ అక్కా! ఇదర్ దేఖో, ఓనగుంటలు! బోధన్ల మా నానీ ఆడుతుండె." నిజమే, రెండు వరసల గుంటలు, మన వామనగుంటల్లాగే. చింతగింజలుంటే అక్కడే ఆట మొదలయ్యేది. ఎవరు తొలిచారో, ఏ పడవ కోసం ఎదురుచూస్తూ...

"నాన్నా, నువ్వు పడవ మీద నిలవడ్డవ్!"

బావ కాలు తీశాడు. తీసి ఇంకో పడవ మీద వేశాడు. "ఏడున్నదే?" అన్నాడు నవ్వుతూనే. వంగి అరచేత్తో రాయిని తడిమాడు. వేళ్ళకి తెడ్లు తగిలాక, "ఆఁ... గిదా."

మూరెడు పొడవు పడవ. మా అందరికీ కనిపిస్తోంది.

తిరుగు ప్రయాణం గురించి ఇప్పుడు రాయలేను.

నవంబర్ 9, శనివారం

రాస్తాను.

మట్టిదారిలోనే చీకటి పడింది. బావ స్టీరింగ్ మీదికి వంగి, మెడ చాచి... షాహీన్ ఏదో జోక్ చెప్తోంది. ఒంటెలు. దారికి అడ్డంగా మూడు. హెడ్‌లైట్ వెలుగు అంచున నాకు కనపడ్డాయి. షాహీన్‌కీ కనపడ్డాయి, జోక్ మధ్యలో ఆగిపోయింది. కారు మాత్రం ఆగడం లేదు.

"బావా!"

బ్రేకు. సహస్ర నుదురు నా సీటుకి కొట్టుకుంది. ఒంటె మూతి నా అద్దం పక్కనే, నములుతూ.

"ఎదురుంగ బండి లైటు కొట్టింది," అన్నాడు బావ.

ఎదురుగా ఏ బండీ రాలేదు.

ఇంటి దగ్గర దిగేటప్పుడు షాహీన్ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

నవంబర్ 10, ఆదివారం

ఇక్కడ వారం ఆదివారంతోనే మొదలు. తెల్లవారకముందే వెళ్ళిపోయాడు, డ్యూటీకి. కంపెనీ బస్సు నిండా పనివాళ్ళని ఎక్కించుకుని దుఖాన్ సైటు దాకా. బయట కటిక చీకటి.

ఇవాళ పిల్లలకి ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

నవంబర్ 11, సోమవారం

మా తాత. నాకు నాయన తండ్రి, బావకి అమ్మ తండ్రి. మేనరికం కదా, ఇద్దరికీ ఒక్కడే తాత. పొద్దుగూకితే మంచం దిగేవాడు కాదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళేది. "తాతకు రేచీకటి" అనుకునేవాళ్ళం, పడిశం పట్టిందన్నంత మామూలుగా.

రేచీకటి. ఆ మాట రాసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 13, బుధవారం

సాయంత్రం గంగాధర్ వచ్చాడు. ఊర్లో మా పక్కూరి వాడే, బావ బస్సులోనే దుఖాన్ సైటుకి వెళ్తాడు. ఊరి నుంచి ఎవరో తెచ్చిన అల్లం తొక్కు ఇచ్చిపోదామని. బావ స్నానానికి వెళ్ళాడు. చాయ్ పెడుతూ ఊరికే అడిగాను, బస్సులో నిద్రపోతావా అని.

"నిద్రేడిది వదినా! ముంగటి సీటు నాకే ఫిక్స్. అన్న నన్ను పండనియ్యడు."

"ఎందుకు?"

"ముచ్చట పెట్టుమంటడు. రౌండబౌట్ వచ్చే ముందు చెప్పుమంటడు. ముంగట లారీ ఉంటే 'అన్నా' అని పిలువుమంటడు. నేను నవ్వుత... అన్నా, సగం డ్రైవర్ని నేనే గదా అని."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా. చాయ్ సగం సాసర్‌లో పోసి ఇచ్చాను.

అతనికి తెలియదు. అతని కళ్ళతో బస్సు నడుస్తోందని తెలియదు.

నవంబర్ 14, గురువారం

అడిగేశాను.

"కండ్లు సూపిచ్చుకుందాం బావా."

"నా కండ్లకేమైంది? లైసెన్స్ రెన్యువల్ల అక్షరాలన్ని సదివిన."

"పగలు సదివినవ్."

గిన్నె తోసేసి లేచాడు. "నువ్వు టీచర్వా, డాక్టర్వా?" తలుపు దబ్బున పడింది. సహస్ర హోంవర్క్ ఆపి నా వైపు చూసింది.

నా వీసా ఆయన మీద. సహస్రది ఆయన మీద. ఆ బస్సు లేకపోతే ఈ పోర్షన్ లేదు, దాని స్కూలు లేదు. నాకు తెలియదా? తెలిసే అడిగాను. ఆయనకీ తెలిసే తలుపు వేసుకున్నాడు.

నవంబర్ 15, శుక్రవారం

మళ్ళీ జసాసియా. క్లాసుకి ఇంకొన్ని ఫోటోలు కావాలన్నాను. అబద్ధం. ఇద్దరమే వెళ్ళాం, సహస్రని షాహీన్ దగ్గర వదిలి. షాహీన్ ఎందుకని అడగలేదు.

బావ ఊరికే పొద్దు వైపు చూస్తున్నాడు. "అయిపాయెనా? పోదాం పా." ఇంకొక్కటి అంటున్నాను. ఒక పడవ, ఇంకో పడవ, లంగరు తాడు వేలాడుతున్న ఇంకో పడవ... ఫోన్ చేతిలో తడిగా.

పొద్దు కుంకింది. గాలి చల్లబడింది. నాకు పడవలు ఇంకా మసగ్గా కనిపిస్తున్నాయి. గట్టు కింద మా తెల్ల కారు స్పష్టంగానే కనిపిస్తోంది. నేను మెల్లగా పక్కకి జరిగి, నోరు మూసుకుని నిలబడ్డాను.

"సుజా?"

నా వైపు తిరగలేదు. సముద్రం వైపు తిరిగి పిలుస్తున్నాడు.

"సుజా... ఏడున్నవే?"

రెండు చేతులూ ముందుకు చాచాడు. కాలుతో నేలని రాసుకుంటూ ఒక అడుగు. ఆగి, ఇంకొకటి. రాయి అంచుకి పోతున్నాడు. పెద్ద ఎత్తేం కాదు, పడితే కాలు విరిగేంత. పరుగెత్తి పట్టుకున్నాను. చొక్కా వీపంతా చెమట. ఈ చలిలో.

అక్కడే కూలబడ్డాం ఇద్దరం.

"ఎన్నడి సంది బావా?"

"ఎర్కలే. మెల్లగ వచ్చింది. పోయిన ఎండాకాలం సంది బాగైంది."

"ఆ ఒంటెలు..."

"కానరాలె."

తర్వాత ఆయనే అన్నాడు. "చెప్తే ఏమైతది సుజా? ఇంటికి పొమ్మంటరు. బస్సు తోలుడు తప్ప నాకేమొస్తది? గంగాధర్ ఉన్నడు గదా పక్కకు. ఇంకొక్క ఏడాది... నీ కొలువు గట్టిపడేదాక."

"గంగాధర్ కన్నంటుకుంటే?"

అరచేత్తో రాయిని తడుముతున్నాడు.

"బస్సుల ఉన్నోళ్ళకు ఎర్కనా, వాళ్ళను ఎవరు తోలుతున్నరో?"

"ఊకో సుజా." అరిచినట్టు కాదు, బతిమాలినట్టు.

చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకొచ్చాను. కారు నేనే నడిపాను. లైసెన్స్ వచ్చిందన్న మాటే కానీ మేముండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియా సందులు తప్ప హైవే ఎక్కింది లేదు. లారీ దాటిన ప్రతిసారీ కారు ఊగుతోంది, నేనూ ఊగుతున్నాను. బావ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఏం చూస్తున్నాడో.

నవంబర్ 16, శనివారం

"రేపు పోను" అనలేదు. "పోతా" అనీ అనలేదు.

యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు.

నవంబర్ 17, ఆదివారం

వెళ్ళాడు. కంపెనీ వ్యాన్ హారన్ కొట్టింది, వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలో ఉన్నాను, నన్ను దాటుకునే వెళ్ళాడు.

షాహీన్ తలుపు కొట్టాను. నిద్ర ముఖంతో తీసింది. సహస్రని చూస్తుండు అన్నాను. "జావ్ అక్కా, జల్ది పో," అంది.

బస్సు యార్డు. ఎలా నడిపానో తెలియదు. బస్సు ఇంజన్ ఆన్‌లోనే ఉంది. టిఫిన్ డబ్బాలు, హెల్మెట్లు, వరసగా ఎక్కుతున్న మనుషులు. లోపల లైట్లు. బావ స్టీరింగ్ ముందు, పక్క సీట్లో గంగాధర్.

"వదినా? ఏమైంది? పాప మంచిగున్నదా?"

మెట్టు ఎక్కాను. దారంతా చాలా అనుకుంటూ వచ్చాను. ఒక్కటే వచ్చింది నోట్లోంచి.

"దిగు బావా."

వెనక నుంచి ఎవరో తొందరపెట్టారు, "యల్లా భాయ్, దేర్ హో రహీ హై!"

బావ నన్ను చూడలేదు. పైన అద్దంలోకి చూశాడు. లైట్ల వెలుగులో వాళ్ళ ముఖాలన్నీ కనిపిస్తున్నట్టున్నాయి. కునుకుతున్నవాళ్ళు, ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు. చాలాసేపు చూశాడు. ఇంజన్ ఆపేశాడు.

"గంగాధర్... నాకు చీకట్ల కనబడ్తలేదు రా. ఇన్నొద్దులు నువ్వే చూసినవ్."

గంగాధర్ నవ్వబోయాడు. జోక్ అనుకున్నాడు కాబోలు. తర్వాత నవ్వు పోయింది.

"నాకు ఇద్దరు చిన్న పోరగాండ్లే అన్నా," అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు. డబ్బా తీసుకుని బస్సు దిగిపోయాడు.

బావ తాళంచెవి తీసి సూపర్‌వైజర్ గదికి తనే నడిచాడు. అక్కడ లైట్లున్నాయి. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. వేరే డ్రైవర్ని లేపి తెచ్చేసరికి తెల్లారింది.

నవంబర్ 19, మంగళవారం

గంగాధర్ ఫోన్ ఎత్తడం లేదు. బావ మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు.

నాతో మాత్రం మాట్లాడటం లేదు.

నవంబర్ 21, గురువారం

కంటి ఆసుపత్రి. డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ, నెమ్మది మనిషి. కంటి లోపలి ఫోటో తెరమీద చూపించింది. అంచుల్లో నల్లటి మచ్చలు. రాత్రి చూపే కాదు, పక్కల చూపు కూడా తగ్గిందట. ఇక ఏ బండీ నడపకూడదంది, పగలైనా సరే.

"మందు?" అన్నాడు బావ.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పోయింది తెప్పించలేం, ఉన్నదాన్ని గమనించుకుంటూ ఉండాలి.

తర్వాత నా వైపు తిరిగింది. మీరిద్దరూ పెళ్ళికి ముందే బంధువులా అని. మేనరికానికి ఇంగ్లీషులో మాట తట్టలేదు. మా నాయన, ఈయన అమ్మ, అన్నాచెల్లెళ్ళు అని చెప్పాను. రాసుకుంది.

"పిల్లలున్నారా?"

"ఒక పాప."

"తననీ ఒకసారి తీసుకురండి."

కారిడార్‌లో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆదివారం తర్వాత ఇదే మొదటిసారి. "నా పని ఏమన్నగానీ సుజా," అన్నాడు, "పోరికి రావద్దు." కంపెనీ వాళ్ళు యార్డులో పగటి పని చూస్తామన్నారట. ఇస్తామనలేదు, చూస్తామన్నారు.

నవంబర్ 23, శనివారం

రేపే సహస్రకి అపాయింట్‌మెంట్. దాని స్కూల్లో చెప్పలేదు. పాపకేమో కళ్ళద్దాల కోసమని చెప్పాం.

సాయంత్రం. నేను వంటింట్లో. బావ హాల్లో. సహస్ర గదిలో ఏదో బొమ్మ గీసుకుంటోంది.

"అమ్మా, లైటెయ్యి. ఏం కనబడ్తలేదు."

బావ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు.

గది గుమ్మంలోకి వచ్చాను. కిటికీలో ఇంకా కాస్త వెలుతురుంది. దాని కాగితం మీది గీతలు ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తున్నాయా లేదా... కళ్ళు చిట్లించి చూస్తున్నాను. నాకు కనిపిస్తే దానికీ కనిపించాలి కదా. ఏ పిల్లైనా అంటుంది ఆ మాట. రోజూ అనేదే.

"అమ్మా!"

స్విచ్ మీద వేలు పెట్టి నిలబడ్డాను. వెయ్యడం లేదు.