పాతదానిలా ఉన్న కొత్త గుడ్డ

మార్చి 2, ఆదివారం

దిండు గలీబులకని వెళ్ళి, తానులో చివర మిగిలిన గుడ్డంతా మోసుకొచ్చాను. మీగడ రంగు మీద పసుప్పచ్చటి పెద్ద పెద్ద పూలు, ముదురాకుపచ్చ ఆకులు. చిన్నప్పుడు కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళలో సోఫాల మీద ఇలాంటి డిజైనే ఉండేది. పాత స్టాకా అని అడిగితే షాపతను నొచ్చుకున్నాడు. పాతది కాదట, పాతదానిలా కనిపించే కొత్తదట. వింటేజ్ అనాలట. ఇంత గుడ్డ ఏం చేస్తావని ఈయన అడిగారు. కర్టెన్లు కుడతానన్నా. ఉన్నాయిగా అన్నారు. ఏం చెప్తాం.

మార్చి 3, లంచ్ టైమ్

మా క్లినిక్‌లో డెంటిస్టుగారు లోపల రూట్ కెనాల్‌లో ఉన్నారు. రిసెప్షన్‌లో నేనొక్కదాన్నే. కుషన్ కవర్ల బొమ్మలు గీస్తుంటే నాన్న ఫోన్. ఆదివారం వస్తాడట, మాట్లాడాలట. ఏంటంటే ఫోన్లో చెప్పేది కాదన్నాడు. ఏ టెస్టు రిపోర్టో వచ్చి ఉంటుంది.

మార్చి 6

కుషన్లు అయ్యాయి. ఒకదానికి జిప్పు తిరగేసి కుట్టా. వాషింగ్ మెషీన్‌కి కవరు, కుర్చీలకి కవర్లు, ఇస్త్రీ బల్లకీ కవరు. గుడ్డ తరగట్లేదు. కదలకుండా కూర్చుంటే తనకీ ఒకటి తొడిగేస్తానని ఈయన బాల్కనీలోకి పారిపోయారు. మిషన్ తొక్కుతున్నంతసేపూ నాన్న గురించి ఆలోచన రాదు. అందుకే తొక్కుతున్నా.

మార్చి 9, ఆదివారం

నాన్న ఒంట్లో బాగానే ఉంది. పెళ్ళి చేసుకుంటున్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఆవిడ రిటైరయిన లెక్కల టీచరట. పార్కులో వాకింగ్ దగ్గర పరిచయమట. భర్త పోయి చాలా ఏళ్ళయిందట. ఇరవై నాలుగున రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు. అన్నీ నేల చూసుకుంటూ చెప్పాడు. అమ్మ పోయి నాలుగేళ్ళు. మాట మార్చడానికి కాబోలు, కుషన్ చేతిలోకి తీసుకుని డిజైన్ బావుందన్నాడు. గుడ్డ మిగిలితే తన హాలుకి కర్టెన్లు కుట్టిపెట్టమన్నాడు. కిటికీలు బోసిగా ఉన్నాయని ఆవిడ అందట.

ఆవిడ అందట!

తమ్ముడికి ఫోన్ చేసి ఏడుద్దామనుకుంటే, వాడికి ముందే తెలుసట. నాన్నని కాస్త బతకనివ్వక్కా అన్నాడు. నేనేదో పీక పట్టుకున్నట్టు.

మార్చి 10

కుట్టను.

మార్చి 14

ఇవాళ క్లినిక్‌కి నాన్న వచ్చాడు. చేతిలో ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు. పక్కన పొట్టిగా ఒకావిడ, ఎడమ బుగ్గ బన్నులా వాచిపోయి. అర్థమైపోయింది. పన్నునొప్పికి తనకి తెలిసిన క్లినిక్ ఇదొక్కటేనని నాన్న గొణిగాడు. పేషెంట్‌ని వెనక్కి పంపలేంగా. లోపలికి పంపా.

పన్ను పీకించుకుని నోట్లో దూది కరిచిపెట్టుకుని వచ్చింది. గంటదాకా మాట్లాడకూడదు. మొట్టమొదటిసారి కలిసిన మనిషి, మాట్లాడటానికి లేదు! ఎంత ప్రిపేరయి వచ్చిందో పాపం. నా వైపు చూసి దణ్ణం పెట్టింది. నేనూ పెట్టా. తర్వాత రెండు చేతులూ చాపి కౌంటర్ మీద ఏదో కొలిచింది. నాన్న తర్జుమా మొదలెట్టాడు. పెద్ద బల్ల కావాలంటోందన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మంచమా అన్నాడు. భుజం మీద ఒక్కటి చరిచింది. కిటికీ అని నాకెప్పుడో అర్థమైంది. అడ్డం ఇంత, నిలువు ఇదిగో ఇక్కడిదాకా అని గోడ మీద చూపించింది. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వబోయి బుగ్గ పట్టుకుంది.

ఇంటికొచ్చాక మిషన్ మీది దుప్పటి తీశా. ఈయన చూసి నెమ్మదిగా బాల్కనీలోకి జారుకున్నారు. తెలివైనవారే.

మార్చి 22

కర్టెన్లు తగిలిద్దామని నేనూ ఆవిడా నాన్న ఇంటికి వెళ్ళాం. రెండూ పొట్టివే! కిటికీ గట్టు కింద జానెడు గోడ పళ్ళికిలిస్తోంది. ఆవిడ ఇప్పుడు మాట్లాడుతోంది, బాగానే మాట్లాడుతోంది. తప్పు తనదేనంది. జీవితమంతా పిల్లలకి స్కేలు పట్టుకోవడం నేర్పి, చివరికి గోడ మీద చేత్తో కొలిచానంది. ఇద్దరం నేల మీద కూర్చుని మిగిలిన పూల గుడ్డలోంచి కింద అతుకు వేశాం. నేను గుండుసూదులు పెట్టా, ఆవిడ కుట్టింది. నాకంటే తిన్నగా కుడుతుంది.

కుడుతూనే చెప్పింది. రాత్రిళ్ళు నాన్న వంటగట్టు దగ్గర నిలబడే తినేసేవాడట. ప్లేటు కూడా పెట్టుకునేవాడు కాదట. కూర్చోబెట్టి తినిపించడానికి నెల పట్టిందంది. నాకు తెలీదు ఈ సంగతి. వింటూ గుండుసూది వేలికి గుచ్చుకున్నా.

ఇంకా మిగిలిన గుడ్డ ఆవిడకే ఇచ్చేసి వచ్చా.

మార్చి 24, సోమవారం

సాక్షి సంతకం పెట్టాను. నాన్న గడ్డం నున్నగా గీసుకుని స్కూలు పిల్లాడిలా ఉన్నాడు.

ఏప్రిల్ 6

చెప్పకుండా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆవిడ హాల్లో కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పేపర్ చదువుతోంది. నాన్న సింకు దగ్గర ఉన్నాడు. పూల గుడ్డ ఏప్రన్ కట్టుకుని అంట్లు తోముతున్నాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ తాగిన గ్లాసు కూడా కడగని నాన్న!

చటుక్కున అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.