రెండో భాగంలో నేను లేను

చోవా చూ కాంగ్, సింగపూర్
మార్చి 4, 2000

ప్రియమైన బాబాయిగారికి,

తార నమస్కారాలు. సెరంగూన్ రోడ్డు కొట్లో దొరికిన సినిమా పత్రికలో మన ‘రేవు దొరలు’ రెండో భాగం షూటింగ్ ఫొటో చూశాను. మీరు పెద్దదొర వేషంలో కూర్చున్నారు. వెనక గోడకి నా ఫొటో, దానికి దండ! పన్నెండేళ్ల కిందట మొదటి భాగంలో మీ కూతురిగా వేసిన నన్ను ఎప్పుడు చంపారు? డైరెక్టరు జనార్ధనరావుగారు పిలుస్తారని ఆర్నెల్లుగా చూస్తున్నాను. నేనే అడిగితే చులకనవుతానని ఊరుకున్నాను. మా నిఖిల ఆ ఫొటో చూసి, "అమ్మా, యూ డై ఆల్రెడీ లా?" అంటోంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. మా ఆయన ప్రేమ్‌కి ఆఫీసు ప్రాజెక్టు తప్ప లోకం పట్టదు. ఇక్కడ ఆడవాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటే నన్నూ చేర్చారు. ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. నాకొచ్చిన పని నటన ఒక్కటే, అదీ నేను లేకుండానే జరిగిపోతోంది. ఎందుకో కనుక్కుని రాయండి.

మీ తార


హైదరాబాద్
మార్చి 19

చిరంజీవి తారకి,

ఆశీస్సులు. సినిమా అన్నాక ఇవి మామూలే తల్లీ. కథ అలా తిరిగింది. నీ అన్న వేషం వేసిన రాజారావుకి జుట్టు ఊడి విగ్గు పెట్టారు. చెమటకి అది జారుతుంటే యూనిట్ అంతా నవ్వులే. జనార్ధనరావుకి మాత్రం రాయకు, పనిలో ఉన్నాడు. ప్రేమ్‌కి, పాపకి దీవెనలు.

విశ్వేశ్వరరావు బాబాయి


సింగపూర్
ఏప్రిల్ 2

బాబాయిగారికి,

విగ్గు సంగతి నేనడగలేదు. రాయొద్దన్నారు కాబట్టి ఫోన్ చేశాను. జనార్ధనరావుగారు ఏమన్నారో తెలుసా? "అదేంటమ్మా, సింగపూర్ వదిలి రానన్నావంట కదా! విశ్వేశ్వరరావుగారే చెప్పారు. నీకోసం రాసిన ఆరు సీన్లూ కొట్టేశా."

నేనలా అనలేదని చెప్పేలోపే ఫోన్ కార్డు అయిపోయింది. నన్ను సినిమాల్లోకి తీసుకొచ్చిందే మీరు. ఇంకెవరైనా ఈ పని చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. మీరెందుకు చేశారు?

తార


హైదరాబాద్
ఏప్రిల్ 15

తల్లీ,

ఏడాదిగా నాకు డైలాగులు నిలవడం లేదు. పొద్దున బట్టీపట్టింది సెట్లోకి వెళ్లేసరికి ఉండదు. ఎదుటివాళ్లు ఒక మాట అనగానే నా మాట అందుకోవాలి. అందడం లేదు. ఆ ఆరు సీన్లూ నీకూ నాకూ మధ్యే. మాట కోసం నేను తడుముకోవడం ఎదురుగా నిలబడి నువ్వు చూస్తావని భయపడ్డాను. అందుకే అబద్ధం చెప్పాను. ఫొటోతో మాట్లాడితే ఎక్కడ ఆగినా అడిగేవాళ్లుండరు.

నిన్న జనార్ధనరావుకి అంతా చెప్పేశాను. అందరిముందూ కేకలేశాడు. "ఫొటో సీన్లన్నీ షూట్ చేసేశాం, ఇప్పుడెలా బతికించను?" అన్నాడు. చివరి సీను ఒక్కటే మిగిలింది, నావే నాలుగు పేజీల డైలాగులు. నాకు మాటలందక మూడుసార్లు షూటింగ్ ఆపి ప్యాకప్ చెప్పారు.

క్షమించమని అడిగే మొహం లేదు.

విశ్వేశ్వరరావు


సింగపూర్
ఏప్రిల్ 27

బాబాయిగారికి,

మీ ఉత్తరం చదివాను. ఈ సంగతి నాకు ఒక్క ముక్క రాసుంటే ఏం పోయేది? పన్నెండేళ్లకి వచ్చిన వేషం పోగొట్టారు. ఆ కడుపుమంట ఇప్పట్లో చల్లారదు.

జనార్ధనరావుగారితో మాట్లాడి చివరి సీను మే పదహారుకి మార్పించాను. ప్రేమ్ వారం సెలవు పెట్టారు. "వెళ్లు, లేకపోతే ఇక్కడ మా ఇద్దర్నీ తింటావ్" అన్నారు. సూట్‌కేసు సర్దేశాను. కెమెరా పక్కన నేలమీద కూర్చుని ప్రతి మాటా నేనే అందిస్తాను. ఆగిపోతే మళ్లీ అందిస్తాను. నేను ఉండాల్సిన చోటు అది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కోపం తగ్గాక వద్దామంటే షూటింగ్ అయిపోతుంది. అందుకే కోపంతోనే వస్తున్నాను.

తార