ఫ్యాక్టరీ వాళ్ళ ఆట

అత్తయ్యా,

బట్టల కోసం వచ్చాను, మళ్ళీ ఆస్పత్రికి వెళ్తున్నాను. మీకు ఇప్పుడే నిద్రపట్టినట్టుంది, లేపి చెప్పే ధైర్యం లేదు. బీపీ మాత్ర గ్లాసు పక్కన పెట్టాను, ఏదైనా తిన్నాకే వేసుకోండి. మీ అబ్బాయి ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. మిషన్‌లో పడ్డ కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా తీసేశారు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ వాళ్ళు వస్తారట. మిషన్ దగ్గర జాగ్రత్తలు నేర్పే ఆ ఫోన్ ఆట ఎవరు ఆడారని అడిగితే, మీకు ఫోన్ ఎత్తడమే సరిగా రాదనండి. ఆయన బదులు మీరు ఆడారని తెలిస్తే, మోసం చేశాడని ఉద్యోగం పీకేస్తారు. ఆయనే ఆడారంటే, అన్నీ తెలిసీ చెయ్యి పెట్టాడు, తప్పు అతనిదే అంటారు. ఎటూ మనకే దెబ్బ. ఉద్యోగమైనా మిగలనివ్వండి.

పాసైతే చాలు అత్తయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? మీరేమో పంతం పట్టి ఫస్టు తెచ్చారు. ఆయన ఫొటో గేటు దగ్గర పెట్టారు. ఇప్పుడు మేనేజర్ ఆ ఫొటోనే చూపిస్తున్నాడు.

మిమ్మల్ని అనడం లేదు. డ్యూటీ దిగాక ఇంట్లో ఆడుకోమన్నది వాళ్ళే. చెప్పులైనా విప్పకుండా నిద్రపోయే మనిషి ఏం ఆడతాడు?

ఆట ఉన్న ఫోన్ బీరువాలో పెట్టాను. కొత్త లెవెల్ వచ్చిందని మోగుతుంది, ముట్టుకోకండి.

ఇది చెప్పకూడదనుకున్నాను. మెలకువ రాగానే ఆయన అడిగిన మొదటి మాట: "ఆ మిషన్ ఆపే ఎర్ర బటన్ ఎటువైపు ఉంటుందే? అమ్మకి తెలుసు, కనుక్కో."