గంటంపావు పడక

ఆగస్టు 19, మంగళవారం

ఇవాళ మా కుస్తీ లీగ్‌లో బాడీ టెస్ట్. చేతికి రెండు, కాలికి రెండు స్టిక్కర్లు అంటించి, సన్నగా కరెంటు పంపి, ఒంట్లో కొవ్వెంతో కండెంతో చెప్పే మెషీన్. చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

నిదియా పిన్ని నన్ను మహారాణిలా చూసుకుంది. మ్యాట్ మీద ఆవిడ మా కుస్తీ కోచ్, ఇంట్లో పిన్ని. రక్తసంబంధమేమీ లేదు. పదిహేనేళ్లప్పుడు మా ఊరు పుఎర్తో తెహాదా నుంచి ఒక్క సంచితో కాలీ నగరానికి వచ్చిన నాకు, తన కూతురు మాయ్రా గదిలో రెండో మంచం వేయించింది. నాలుగేళ్లయింది.

పొద్దున ఏడింటికే నన్ను టెస్ట్ గదిలో పడుకోబెట్టింది. కాళ్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో మడిచిన టవల్ పెట్టింది. చేతులు పక్కలకు జరిపింది. కదలకు తల్లీ, నీకు నిద్ర చాలట్లేదు, హాయిగా పడుకో అంది. ఎనిమిదింబావుకి గానీ టెస్ట్ చేసే ఉంబెర్తో గారు మెషీన్ పెట్టలేదు. ఈలోగా ఒక చిన్న కునుకు కూడా తీశాను.

నా కాగితం మీద కనిష్ఠ బరువు 49.6 అని వచ్చింది. అంటే అంతవరకూ బరువు తగ్గొచ్చు, దాని కిందికి దిగితే లీగ్ ఒప్పుకోదు. మాయ్రాకి 50.8. ఇద్దరం 53 కిలోల వాళ్లమే. నేషనల్స్‌కి ఒక్కో వెయిట్‌లో ఒక్కరినే పంపుతారు. కాబట్టి తేలిపోయింది. నేను కింది వెయిట్ 50కి దిగాలి, మాయ్రా 53లో ఉంటుంది.

రెండేళ్లుగా ఆ 53లో మాయ్రాని ఓడిస్తున్నది నేను. కానీ మెషీన్‌తో కుస్తీ పట్టలేం కదా.

ఆగస్టు 27

పిన్ని నా గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లది మాత్రమే పెడుతోంది. ఆ పచ్చసొన ఎటు పోతోందో నాకు తెలుసు. మాయ్రా పళ్లెం నా కళ్ల ముందే ఉంటుంది.

సెప్టెంబర్ 3

53.2. అమ్మ ఫోన్ చేసింది. చొంతదూరో పళ్లు బాగా అమ్ముడవుతున్నాయట, ఉప్పూ తేనే వేసి ఒక డబ్బా పంపిస్తానంది. వద్దన్నాను. ఎప్పుడూ లేనిది వద్దంటున్నావేంటే, ఎవడైనా తగిలాడా అని ఒకటే ఆరా. నాకు తగిలింది ఆకలమ్మా అని చెప్పి పెట్టేశాను.

సెప్టెంబర్ 9

52.4. లీగ్ గేటు ఎదురుగా పాన్‌దెబోనో జున్నురొట్టెల కొట్టు ఉంది. జున్ను కాలే వాసన సరిగ్గా మేం పరిగెత్తే వేళకే వస్తుంది. ఇవాళ రోడ్డు మారి పరిగెత్తాను. ఆ రోడ్డులో పంది తోలు వేయిస్తున్నారు. ఈ ఊరు నా మీద కక్షగట్టింది.

నెలసరి రాలేదు. పిన్నికి చెబితే, బరువు తగ్గేటప్పుడు మామూలే, గాభరా పడకు అంది. నా జుట్టు తనే అల్లింది. ఆవిడ చేతులు తలలో తిరుగుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకో నాకే తెలియదు. బహుశా ఆకలికే.

సెప్టెంబర్ 17, బుధవారం

ప్రాక్టీస్‌లో పడిపోయాను. ఎవరూ పడెయ్యలేదు, నేనే పడ్డాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం, మధ్యాహ్నం

స్పృహ తప్పినవాళ్లకు మళ్లీ టెస్ట్ చేయాలని రూలు. ఉంబెర్తో గారు సెలవులో ఉన్నారు. ఆయన బదులు కొత్తమ్మాయి ఇంగ్రిడ్ వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. తెగ మాట్లాడుతుంది.

పడుకోగానే టైమర్ నొక్కింది. పది నిమిషాలు మోగగానే మెషీన్ పెట్టింది. అయిపోయిందా అని అడిగాను. ఇంకేం కావాలి, బిర్రుగా భోజనం పెట్టాలా అంది. తర్వాత పాత కాగితాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూసి, నవ్వు ఆపేసింది. నెల కిందట నీ కనిష్ఠ బరువు 49.6, ఇప్పుడు 50.7. రెండున్నర కిలోలు తగ్గిన పిల్లకి కనిష్ఠ బరువు కిలో పైన ఎలా పెరుగుతుందమ్మా, అప్పుడు ఎంతసేపు పడుకున్నావు అని అడిగింది.

గంటంపావు అన్నాను. కాగితం మీద పది నిమిషాలని రాసుంది.

అప్పుడు చెప్పింది. నిలబడి ఉన్నప్పుడు ఒంట్లో నీళ్లు కాళ్లలోకి దిగుతాయట. పడుకుంటే మెల్లగా కాళ్లలోంచీ చేతుల్లోంచీ పైకి, మొండెంలోకి జరుగుతాయట. కరెంటుకి దారి నీళ్లే. కాళ్లలో, చేతుల్లో అవి తగ్గితే దానికి దారి కష్టమవుతుంది. మెషీన్‌కి ఏం తెలుసు పాపం, నీళ్లు తక్కువున్నాయి అంటే కొవ్వు ఎక్కువుందనుకుంటుంది, ఇంకా తగ్గొచ్చులే అని కనిష్ఠ బరువు దించేస్తుంది. అందుకే ఎవరినైనా సరే పది నిమిషాలే పడుకోబెట్టాలి. నిన్ను మంచం మీదే లావు చేశారు, అన్నం ఖర్చు లేకుండా అని నవ్వేసింది. అదే అప్పటిదాకా అటూ ఇటూ తిరిగినదాన్ని పడుకోబెట్టగానే, తొడలు ఆనించి చూస్తే, సన్నగా చూపిస్తుందంట.

పాపం, ఆ పిల్లకి తనేం చెప్తోందో తెలియదు. నేనూ నవ్వాను.

సాయంత్రం 4

ఆగస్టు 19న నా తర్వాత మాయ్రా. నేను మంచం దిగుతుంటే అది వరండాలో తాడాట ఆడుతోంది. పిన్ని పిలిస్తే వచ్చి పడుకుంది. కాళ్లు దగ్గరగా పెట్టుకోవే, స్కర్ట్ వేసుకున్నట్టు ఉండు అంది పిన్ని. ఉంబెర్తో గారు వెంటనే బటన్ నొక్కారు. మాయ్రా అలా పడుకుని ఇలా లేచింది. నన్ను గంటంపావు పడుకోబెట్టి, దాన్ని ఒక్క నిమిషమైనా పడుకోనివ్వలేదే అని ఆరోజు నాకు జాలేసింది. దాని మీద!

నా అంత తెలివైనది కాలీ మొత్తంలో లేదు.

ఉంబెర్తో గారు కూడా ఇందులో ఉన్నారన్నమాట. ప్రతి క్రిస్మస్‌కీ నాకు చాక్లెట్ ఇస్తారు.

సెప్టెంబర్ 20, శనివారం

పొద్దున వంటింట్లో అడిగేశాను. పిన్ని బెల్లం నీళ్లు కాస్తోంది. కాదంటుందనుకున్నాను. నీకెవరు చెప్పారు ఈ పిచ్చి మాటలు అని అరుస్తుందని, నేను క్షమాపణ చెప్పాలని, మళ్లీ మామూలైపోవాలని ఎంత కోరుకున్నానో.

అరవలేదు. స్టవ్ తగ్గించింది. నీకేం తక్కువ చేశానే, 50లో నీకు ఎదురు నిలిచేవాళ్లు లేరు, మెడల్ కొట్టుకొస్తావు, మాయ్రాకి ఇదే ఆఖరి అవకాశం, ఇద్దరూ వెళ్తారు కదా అంది. మరి మాయ్రానే 50కి దింపొచ్చు కదా అన్నాను.

అది ఆకలికి ఓర్చుకోలేదు అంది. నా గ్లాసులో బెల్లం నీళ్లు పోస్తూ చాలా మామూలుగా అంది.

నీకు ఆకలి అలవాటేగా తల్లీ.

సెప్టెంబర్ 21

అలవాటే.

సెప్టెంబర్ 23

మాయ్రాతో మూడు రోజులుగా మాటల్లేవు. పక్కపక్క మంచాలు. ఇవాళ అదే మొదలుపెట్టింది. నేనేమైనా అడిగానా, అమ్మ కాళ్లు దగ్గర పెట్టుకోమంది, పెట్టుకున్నాను అంది. ఎందుకో తెలుసా అని అడిగాను. గోడవైపు తిరిగింది. తెలుసన్నమాట. కాసేపటికి, ప్రతిసారీ నీ చేతిలో ఓడిపోతుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు లెయ్డా అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ నేను దాని పక్కకు వెళ్లి కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చునేదాన్ని.

ఫిర్యాదు రాస్తే ఈ ఇంట్లో నాకు మంచం ఉండదు. రాయకపోతే 53 ఉండదు. ఈ రెండూ లేకుండా నేనెవరినో నాకు తెలియదు. అమ్మకి చెబితే నీకు అన్నం పెట్టినావిడనే అంటావా అంటుంది. అమ్మకి చెప్పను.

సెప్టెంబర్ 25, గురువారం

లీగ్ ఆఫీసులో కాగితం ఇచ్చాను. నాలుగు వాక్యాలు. "గంటంపావు" అనే మాట దగ్గర పెన్ను ఆగింది. చూసుకుంటే, ఆ ఒక్కమాటే రెండుసార్లు రాశాను.

సాయంత్రం ఇంటికెళ్తే పిన్ని నాకూ భోజనం వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్ 29, సోమవారం

ఇద్దరికీ మళ్లీ టెస్ట్. ఇంగ్రిడ్ రెండు మంచాలు వేసి, ఒకే టైమర్ పెట్టింది. ఇద్దరికీ కాళ్ల మధ్య టవళ్లు. ఆమె ఇవాళ ఒక్క జోకూ వేయలేదు. పది నిమిషాలు పైకప్పు చూస్తూ పడుకున్నాం, అచ్చం ఇంట్లోలా. మాయ్రా ముక్కు ఎగపీలుస్తూనే ఉంది.

నాకు 50.7. మాయ్రాకి 49.9.

అంటే 50కి దిగగలిగింది మొదటినుంచీ అదే. దాన్ని దింపడానికి పిన్ని ఒప్పుకోలేదు. పిల్ల చచ్చిపోతుంది, దాన్ని పస్తులుంచలేను అని లీగ్ కమిటీ ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది. నన్ను నెలరోజులు ఉంచింది కదా అని అక్కడ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. శనివారం 53 కోసం ఇద్దరూ తలపడమన్నారు. ఉంబెర్తో గారికి నోటీసిచ్చారు. పిన్నికి హెచ్చరిక.

సంచి సర్దుకుని లీగ్ హాస్టల్‌కి వచ్చేశాను. గుమ్మం దగ్గర పిన్ని నా టీషర్టు కాలర్ సరిచేసింది. అలవాటు కొద్దీ అయ్యుంటుంది.

అక్టోబర్ 4, శనివారం

గెలిచాను. 7-6.

మ్యాట్ పక్కన కూతురి మూలలో పిన్ని కోచ్‌గా నిలబడింది. అది న్యాయమే, కూతురు కదా. నా మూలలో ఇంకో జిల్లా కోచ్ ఎవరో, నా పేరు కూడా సరిగ్గా పలకలేదు. మొదటి రౌండ్లో 4-0తో ముందున్నాను. రెండో రౌండ్లో పిన్ని గొంతు వినిపించింది. ఎడమ మోకాలు, దాని ఎడమ మోకాలు పట్టుకోవే అని అరుస్తోంది.

నా ఆ మోకాలి సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. నిరుడు వాచిపోతే లీగ్‌కి తెలిస్తే ఆడనివ్వరని ఎవరికీ చెప్పకుండా, మూడు నెలలు రోజూ తన ఒళ్లో పెట్టుకుని ఐస్ పెట్టింది పిన్ని. పెడుతూ ఏవో పాత పాటలు పాడేది.

మాయ్రా పట్టుకుంది. ఆరు పాయింట్లు దానివల్లే పోయాయి. ఆఖరి పది సెకన్లలో దాన్ని తిప్పేసి నెగ్గాను. ఎలాగో గుర్తులేదు. మోకాలి కంటే ఆ అరుపే నొప్పి పెట్టింది.

రెఫరీ నా చెయ్యెత్తాడు. పిన్ని మాయ్రా తలమీద టవల్ కప్పి తీసుకెళ్లిపోయింది.

అక్టోబర్ 6

నేషనల్స్ ఫారం నింపాను. "అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?" అమ్మ నంబరు నెలనెలా మారుతుంది. నాకు కంఠతా వచ్చింది ఒక్కటే నంబరు.

అదే రాశాను. బంధుత్వం అన్న చోట: పిన్ని.