పడవలో వచ్చిన టవర్

జూన్ 4

పడవ నిండా ఫోన్లే. ఎక్కినవాళ్లలో సగం మందికి అవతలి గట్టున వేరే పనేం లేదు. సిగ్నల్ దొరికే చోట నిలబడి మాట్లాడుకుని, మళ్లీ నా పడవే ఎక్కారు. మా ఊళ్లో సిగ్నల్ లేకపోవడమే నాకు అన్నం పెడుతోంది. ఈ మాట మా ఆవిడ ముందు అనను.

ఆవిడా వస్తుంది, రోజు విడిచి రోజు. గుడ్డ సంచులు కుడుతుంది. సిటీ షాపువాళ్ల మెసేజ్‌లు చూడాలన్నా ఏరు దాటాల్సిందే.

జూన్ 9

మా ఊరికి టవర్ వస్తోందట. వంతెన లేదు కాబట్టి ఇనుమంతా నా పడవలోనే రావాలట. కాంట్రాక్టర్ ఇంటికొచ్చి మరీ అడిగాడు. మా ఆవిడ ముఖం చాటంత అయింది. ఇంట్లో కూర్చునే ఆర్డర్లు తీసుకోవచ్చంది, ఇంకో ఇద్దరికి పని ఇవ్వొచ్చంది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

కాంట్రాక్టర్‌ని వీధి దాకా సాగనంపే వంకతో వెళ్లి, పడవ లీకవుతోంది, కుదరదని చెప్పేశాను. అందులో ఆవగింజంత నిజం లేదు.

జూన్ 10

లీకన్నాక నడపకూడదు కదా. ఒడ్డుకి లాగి ఇంజన్ విప్పాను. రేవుకొచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెనక్కిపోయారు. రిపేరు ఎన్నాళ్లని మా ఆవిడ అడిగింది. రెండు మూడు రోజులన్నాను.

జూన్ 14

కాంట్రాక్టర్ విసుగొచ్చి ఇంకో ఊరు చూసుకుంటాడని ఆశ. కదల్లేదు మహానుభావుడు.

జూన్ 16

మా ఆవిడ పోరు పడలేక పడవ దించాను. గట్టు ఎక్కగానే ఆమె ఫోన్‌లో మెసేజ్‌లన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. పెద్ద ఆర్డర్. ఇంతవరకూ అంత పెద్దది రాలేదు. మొన్న శనివారం లోపు ఒప్పుకుంటున్నానని చెప్పమన్నారు. కింద ఇంకో మెసేజ్, వేరేవాళ్లకి ఇచ్చేశామని.

ఏడవలేదు. ఫోన్ కొంగులో చుట్టుకుని పడవెక్కింది. వచ్చేటప్పుడు వంగి పడవ అడుగు తడిమి చూసింది. అతుకు లేదు, కొత్త తారు మరక లేదు. తలెత్తి నన్ను చూసింది. నాలుగు తిట్టినా బావుండేది.

జూన్ 17

కాంట్రాక్టర్ దగ్గరికి నేనే వెళ్లాను. ఇనుము ఎక్కించమన్నాను.

జులై 2

ఆఖరి ట్రిప్పు అయిపోయింది. నా పొట్ట మీద నేనే కొట్టుకున్నానని రేవులో ఒకడు నవ్వాడు. నిజమే. భయంగానే ఉంది. ఇంటికెళ్లి ఆమె ముఖం చూడాలంటే ఇంకా భయంగా ఉంది.

ఆగస్టు 20

సిగ్నల్ వచ్చింది. మా ముందుగదిలో మూడు కుట్టుమిషన్లు. మా ఊరి వడ్రంగికి కూడా పక్క ఊళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయట. సంతోషంగా లేదంటే అబద్ధమే అవుతుంది. ఇంక అబద్ధాలు చాలు.

పడవలో ఇద్దరే ఎక్కారు.

సెప్టెంబర్ 12

మా ఆవిడ సంచుల మూటలతో రేవుకొచ్చింది. అవతలికి చేర్చడానికి ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీచిగీచి బేరమాడే మనిషి. మారుమాట లేకుండా అడిగినంతా నా చేతిలో పెట్టేసింది.