కడుపున్న కత్తి

మల్లాపూర్ మండలం,
బుధవారం ఉదయం

ప్రియమైన అన్నకు,

చెల్లె భాగ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, బాపు, నేను బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వేళకు తిని, ఎండకు జాగ్రత్తగా ఉంటున్నావని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం నీకు జితేందరన్న చేతి నుంచే అందుతుంది. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆయన గదిలో బ్యాగు దించగానే ఏమీ అనకు. చెయ్యి అసలే లేపకు. ముందు ఇది చివరిదాకా చదువు. తర్వాత నీ ఇష్టం.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. “రానియ్యి వాన్ని. ఈడ సంఘం ఉండది, పెద్దమనుషులు ఉండరు. ఇద్దరమే ఉంటం” అన్నావు. నేను మాట్లాడబోతే “నువ్వు వాని దిక్కు మాట్లాడకు” అని ఫోన్ పెట్టేశావు. దుబాయ్‌లో మీ కూలీల క్యాంపులో కొట్లాట అయితే ఎవరిది తప్పని అడగరు, ఇద్దరినీ విమానం ఎక్కిస్తారని నువ్వే ఒకసారి చెప్పావు. అది తలుచుకుంటే నాకు పని మీద చెయ్యి ఆడడం లేదు. అందుకే సెలవు పెట్టి ఇంటికి వచ్చి రాస్తున్నాను. ఉత్తరాన్ని ఫోన్‌లా మధ్యలో పెట్టేయలేవు కదా.

జితేందరన్న సెలవు మీద వచ్చినప్పుడు ఆయన చేత కత్తితో పాటు నువ్వు పంపిన ఉత్తరం నా దగ్గరే ఉంది. అందులో అడిగినవాటికి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నాను. సిరిసిల్లలో నన్ను మగ్గాల మీద చెయ్యి వేయనిస్తున్నారా అని అడిగావు. మొదట నూనె డబ్బా పట్టుకుని నిలబడడమే నా పని. ఇప్పుడు మోటారు బెల్టు తెగితే సామేలు మేస్త్రి నన్నే పిలుస్తాడు. “డిప్లొమా మేడం, మీ మగ్గం అలిగింది, జర బుజ్జగించురి” అంటాడు. వెక్కిరిస్తాడు కానీ పని మాత్రం ఇస్తున్నాడు. అమ్మ షుగర్ గోలీలు మానకుండా వేసుకుంటోంది, చాయ్‌లో చక్కెర కూడా మానకుండా వేసుకుంటోంది. వంటింటి మీద రేకు మార్పించాం, ఇప్పుడు కురవడం లేదు. చివర్లో, కత్తి ఎట్లా పనిచేస్తోందని అడిగావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

నువ్వు పంపిన మడత కత్తి బాపుకు ఎంత నచ్చిందో నీకు తెలియదు. గీత కత్తి ఒరలో ఉన్నా, చిన్న పనులన్నీ దీనితోనే చేసేవాడు. కల్లు తాగడానికి వచ్చిన ప్రతివాడికీ తెరిచి చూపేవాడు. “నా కొడుకు పంపిండు. జేబుల పండుకుంటది, పిలిస్తే లేస్తది” అనేవాడు.

ఆ రోజు తాటిచెట్టు మీద పాత కల్లు లొట్టి కట్టిన తాడు కోస్తుంటే కత్తి తాడులో ఇరికింది. బాపు వెనక్కి గుంజాడు. తెరుచుకుని గట్టిగా నిలబడాల్సిన కత్తి వేళ్ల మీదికి మూసుకుంది. నడుమును చెట్టుకు కట్టిన మోకు ఉంది కాబట్టి పడలేదు. ఒక్క చేత్తో దిగాడు. కింద గంగయ్య పెద్దబాపు నిలబడి “చెయ్యి దిక్కు సూడకు రాజేశం, చెట్టునే సూడు, చెట్టునే సూడు” అంటూ దించాడు. ఆయన కొడుకు జితేందరన్నే బండి మీద జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. చిన్న దెబ్బ అని నీకు చెప్పారు. చిన్నది కాదన్నా. రెండు వేళ్ల నరాలు తెగాయి. కుట్టారు. చూపుడు వేలు ఇప్పుడు కొంచెం వంగుతోంది. నడిమి వేలు ఇంకా వంగడం లేదు. వచ్చే కాలానికి చెట్టు ఎక్కగలడా అంటే డాక్టరు అవునని అనలేదు, కాదని అనలేదు.

ఇంటికి వచ్చిన నాడు బాపు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ అన్నాడు. “నా కొడుకు పంపింది గిది కాదు. మంచిదాన్ని ఆడ్నే అమ్ముకొని, గీ నకిలీది తెచ్చి నా చేతుల పెట్టిండు.” నొప్పిలో అంటున్నాడులే అనుకున్నాను. నీకు ఫొటో పంపాం. నువ్వు “గట్లనే ఉన్నది గని, నకిలీది గూడ గట్లనే ఉంటది” అన్నావు. ఆ మాట తర్వాత ఇక బాపుకు అనుమానం లేదు, నమ్మకమే.

నేను పుట్టకముందు నుంచి ఒకే వనంలో చెట్లు గీసుకున్న ఇద్దరూ మాటలు మానేశారు. గంగయ్య పెద్దబాపు మన వాకిట్లోకి రావడం మానేశాడు. బాపు గీత సంఘానికి చెప్పాడు. ఆదివారం కూర్చుందామన్నారు. మోసం తేలితే గంగయ్య పెద్దబాపు వంతు చెట్లు ఆయనను గీయనివ్వకుండా ఆపేయాలని కొందరు అప్పుడే అనడం మొదలుపెట్టారు. కొడుకు తప్పుకు తండ్రి చెట్లు. జితేందరన్న ఒక్కటే అన్నాడు. “నేను మార్చలే.” అంతకు మించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకూ అనుమానం వచ్చింది. ఆ సంగతి నీ దగ్గర దాచను.

బాపు ఆ కత్తిని రక్తం గుడ్డలోనే చుట్టి దేవుని అర్రలో పెట్టాడు. సంఘం ముందు పెట్టేదాకా ఎవరూ ముట్టొద్దన్నాడు.

“ఇప్పి సూస్తే ఎందుకు మూసుకున్నదో తెలుస్తది బాపు.”

“ఇప్పినంక మళ్ల పెట్టస్తదా నీకు? సంఘం ముంగట ఏం పెడుత, ముక్కలా?”

పక్కింటి వెంకటవ్వ గోడ మీది నుంచి విని, “సదివిచ్చినవ్ గద రాజేశం, ఇగ నీ బిడ్డ నీ చెయ్యి గూడ ఇప్పి సూస్తనంటది” అన్నది. బాపు నవ్వలేదు.

శనివారం అమ్మ బాపును కట్టు మార్పించడానికి జగిత్యాల తీసుకుపోయింది. నేను అప్పటికే సామేలు మేస్త్రిని అడిగి నక్షత్రం మూతి ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. “ఏ మగ్గానికి?” అన్నాడు. “మా ఇంటి మగ్గానికి” అన్నాను. “ఇంటి మగ్గం ఇప్పితే దారాలు దొరకయి, సూసుకో” అన్నాడు.

తలుపు దగ్గర వెలుతురులో తెల్ల గుడ్డ పరిచి కూర్చున్నాను. ఒక్క స్క్రూ పోయినా, తల అరిగినా, కూతురే సాక్ష్యం పాడుచేసింది అంటారు. జితేందరన్నను ఇక ఎవరూ నమ్మరు. మొదటి రెండూ సులువుగా వచ్చాయి. ఇరుసు దగ్గరిది కదల్లేదు. బలం పెడితే జారింది. నా గుండె కూడా జారింది. కిరోసిన్ చుక్క వేసి, కాసేపు ఆగి, మళ్లీ తిప్పితే కిర్రుమని వదిలింది. వచ్చిన ముక్కను వచ్చిన దిక్కులోనే గుడ్డ మీద పెట్టుకుంటూ పైన ఉన్న పిడి చెక్క లేపాను.

లోపల ఎట్లా ఉంటుందో రాస్తాను, నీకు అర్థం కావాలి. పిడి లోపల ఒక పల్చని ఉక్కు రేకు ఉంటుంది. అదే స్ప్రింగు. కత్తి పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు దూకి కత్తి మడమ వెనక గడియలా నిలబడుతుంది. అది ఉన్నంతసేపు కత్తి మూసుకోదు. కత్తి ఎంతవరకు తెరుచుకోవాలో ఆపడానికి ఇంకొక చిన్న మేకు ఉంటుంది. కత్తి వెళ్లి ఆ మేకుకు ఆనాలి. అప్పుడే గడియ పూర్తిగా పడుతుంది.

నేను నకిలీ గుర్తు కోసం వెతికాను. ఇనుము మంచిది. రేకు అరగలేదు, విరగలేదు. కానీ ఆ మేకు చుట్టూ ఏదో గట్టిగా పేరుకుని ఉంది. దాని వల్ల కత్తి మేకు దాకా పోవడం లేదు. చూడ్డానికి తెరుచుకున్నట్టే ఉంటుంది, గడియ మాత్రం అంచు మీదే నిలబడుతుంది. గట్టిగా గుంజితే జారుతుంది. సూదితో గీకాను. పచ్చటి పొడి రాలింది. వాసన చూశాను. పసుపు, నూనె, పులిసిన కల్లు.

అన్నా, అప్పుడు నాకు కత్తి ఇంటికి వచ్చాక మొదటి ఆదివారం గుర్తొచ్చింది. కొత్త ఇనుము చెట్టు ఎక్కకముందు మన కాటమయ్య దేవుని ముందు పెట్టి, పసుపు కుంకుమ పూసి, కల్లు సాక పోయాలి కదా. మన ఇంట్లో అది ఎప్పుడూ అమ్మ పనే. నేను వంటింట్లో ఉన్నాను. బయట అమ్మ మాట వినిపించింది. “గీ కత్తికి కడుపున్నదే. పైన పెడితే సాలదు, కడుపుల గూడ పెట్టాలె.”

గీత కత్తికి లోపలంటూ ఉండదు. ఎంత పసుపు పూసినా కడిగితే పోతుంది. దీనికి లోపల ఉంది. కొడుకు పంపిన కత్తి అని అమ్మ రెండింతలు పోసింది.

నేను దాన్ని తుడవలేదు. పసుపును అట్లాగే ఉంచి, ముక్కలన్నీ బిగించి, గుడ్డలో చుట్టి పెట్టేసరికి బయట అమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆదివారం సంఘం గదిలో బాపు కత్తిని ముందు పెట్టాడు. నేను లేచి, అందరి ముందు విప్పి చూపిస్తానన్నాను. “ఆడివిల్ల కత్తి ఇప్పి సూపుడేంది?” అన్నారెవరో. ఇంకొకాయన “మీ మోటర్ కరాబైతే గా పిల్లకే ఫోన్ జేస్తవు గద, ఇప్పనియ్యి” అన్నాడు. విప్పాను. ఆ మేకును, పసుపును చేతికి చేతికి అందించి చూపించాను. తర్వాత పెద్దమనిషి అడిగాడు.

“లోపట పసుపు ఎవలు పెట్టిన్రు?”

తలుపు దగ్గర ఆడవాళ్ల మధ్య అమ్మ ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు కట్టు చెయ్యి వైపు చూస్తోంది.

“నేనే పెట్టిన” అన్నాను.

బాపు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. కిరోసిన్‌తో కడిగి, బిగించి, కత్తి తెరిచాను. టక్కుమని గడియ పడింది. ఇప్పుడు మూసుకోదని చెప్పాను. చెప్పినంత మాత్రాన ఎవరు నమ్ముతారు? అప్పుడు జితేందరన్న లేచి కత్తి తీసుకున్నాడు. మూసుకుంటే తెగే చోట తన నాలుగు వేళ్లూ పెట్టాడు. “దొంగ వేళ్లే గద, పోతే పోనియ్యిరి” అని కత్తి వీపును దర్వాజా చెక్కకేసి కొట్టాడు. మూసుకోలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చెయ్యి ఎత్తితే బాపు తన మంచి చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

“సాలు కొడుకా. సాలు.”

ఇదంతా బాపు నీకు ఫోన్‌లో చెప్పాడు. నువ్వు నమ్మలేదు. “చెల్లె వాని కోసం అబద్దం చెప్పింది” అన్నావట. నిజమే అన్నా. అబద్ధం చెప్పాను. కానీ ఆయన కోసం కాదు. పసుపు పెట్టింది అమ్మ. బాపు వేళ్లు పోవడానికి తన చెయ్యే కారణమని అంత మంది ముందు అమ్మ వినడం నేను చూడలేకపోయాను. నా మీదైతే చిన్నపిల్ల, తెలియక చేసింది అనుకుంటారు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను. నువ్వు కూడా ఎవరితో అనకు.

ఇంకొకటి ఉంది. నిన్న జితేందరన్న కోరుట్లలో సామాను కొనడానికి వస్తే బస్టాండులో కలిశాను. ఆయన అన్నాడు, “నువ్వు పెట్టలేదని నాకెరికే. గా దినం నేను ఆడ్నే ఉన్న. లోపట పొయ్యకు చిన్నమ్మా అన్న. నువ్వు దుబాయ్ పొయ్యి దేవున్నే మర్సినవ్ రా అన్నది. నవ్వుకున్నం.”

“మరి అందరు దొంగ అంటుంటే ఎందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె? చిన్నమ్మా, నీ పసుపే చిన్నబాపు వేళ్లు కోసింది అనా?”

అంతే అన్నాడు. బస్సు వచ్చింది.

అన్నా, తన తండ్రి చెట్లు పోయేటట్టు ఉన్నా మన అమ్మ పేరు ఎత్తని మనిషి నీ గదికి వస్తున్నాడు. దిగగానే ఆయనకు నీ చేత్తో అన్నం పెట్టు. తర్వాత ఇంటికి ఫోన్ చేసి కత్తి మంచిదే అని బాపుతో చెప్పు. గంగయ్య పెద్దబాపు ఇంటికి పోవడానికి బాపు ఆ మాట కోసమే చూస్తున్నాడు.

అమ్మ నన్ను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. సోమవారం బాపు కత్తి చేతికిచ్చి “జర పసుపు పెట్టు, పైపైన” అంటే, “బిడ్డ పెడుతది” అని లోపలికి పోయింది. ఈ పొద్దు మామిడి తొక్కు, నువ్వుల లడ్డూలు కట్టింది. ఎప్పుడూ ఒకటే మూట కట్టేది. ఈసారి రెండు కట్టింది. రెండూ ఒకే అంత. ఏది అన్న మూట అని అడిగితే “ఏదైతేంది” అన్నది. కాబట్టి నువ్వు కూడా చూసి ఎంచుకోకు. ఆయనకు ముందు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో.

ఇట్లు,
నీ చెల్లె
భాగ్య